పురిటి యింట పిల్లి

కోడలు నెల తప్పిందన్న కబురు తెలియగానే పెద్దవాళ్ళ నోట ఆంక్షలు ఒకటొకటిగా బయలుదేరుతాయి. బొప్పాయి తినకూడదు, గ్రహణంనాడు బయటికి రాకూడదు, బరువులు ఎత్తకూడదు, మెట్లు గబగబా దిగకూడదు. యిప్పుడు వీటికి తోడు మరొకటి వచ్చి చేరింది: యింట్లో పిల్లిని వుంచకూడదు. తమాషా ఏమిటంటే యిది అమ్మమ్మలనాటి ఆంక్ష కాదు. చదువుకున్నవాళ్ళే ఫోనులో ఒక ముక్క చూసి, పక్కింటావిడ దగ్గర మరో ముక్క విని, రెండూ కలిపి భయపడి పెట్టుకుంటున్నది. మరునాడు గోనెసంచి బయటికి వస్తుంది. మూడేళ్ళుగా ఒళ్ళో పడుకున్న జీవాన్ని అందులో వేసి మూతికట్టి, స్కూటరుమీద పెట్టుకుపోయి, కాలవ అవతల వదిలేసి వస్తారు. కడుపుతో వున్న పిల్ల ఆ పూట అన్నం ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంటుంది. పుట్టబోయే బిడ్డకోసం అనేసరికి యిక నోరెత్తలేదు గదా!

యింతకూ ఆ భయంలో నిజం బొత్తిగా లేదా? వుంది. అయితే అది ఎక్కడ వుందో తెలుసుకుంటే గోనెసంచి అవసరం వుండదు. తెలుసుకోకపోతే పిల్లి పోతుంది, ప్రమాదం యింట్లోనే వుంటుంది. యీ వారం ఆ సంగతి చెప్పుకుందాం.

టాక్సోప్లాస్మా అని కంటికి కనిపించని ఒక జీవి వుంది. 1908లో ట్యూనిస్ నగరంలో షార్ల్ నికోల్, లూయీ మాన్సో అనే శాస్త్రజ్ఞులు గుండీ అనే ఎలుకలాంటి జంతువులో దీన్ని చూశారు. అదే సంవత్సరం బ్రెజిలులో స్ప్లెండోరె అనే ఆయనకు కుందేలులో కనిపించింది. విల్లులాగా వంగి వుంటుంది కనుక, గ్రీకుభాషలో విల్లుకు వున్న పేరునే దీనికీ తగిలించారు. పేరైతే పెట్టారుగాని యిది ఒక ప్రాణినుంచి మరొక ప్రాణికి ఎలా చేరుతుందో పూర్తిగా తెలియడానికి మరో అరవై ఏళ్ళు పట్టింది. 1970 ప్రాంతంలో అసలు గుట్టు బయటపడింది. యీ జీవి గుడ్లవంటి వాటిని పెట్టేది పిల్లిజాతి జంతువుల పేగులలోనే. అవి పిల్లి మలంతో బయటికి వస్తాయి. పిల్లికి చెడ్డపేరు వచ్చింది యిక్కడే.

ఆరోగ్యంగా వున్న మనిషికి యీ అంటు సోకితే చాలాసార్లు తెలియనే తెలియదు. కొందరికి నాలుగురోజులు వొళ్ళు వెచ్చబడి, మెడదగ్గర బిళ్ళలు కట్టి పోతుంది. ఒకసారి వచ్చిపోయిన మనిషికి సాధారణంగా మళ్ళీ భయం వుండదు. చిక్కల్లా, అంతకుముందు ఎన్నడూ రాని స్త్రీకి కడుపుతో వున్న రోజులలో మొదటిసారి రావడం. అప్పుడది మాయను దాటి బిడ్డకు చేరవచ్చు. మొదటి నెలలలో చేరడం అరుదు, కాని చేరితే హాని ఎక్కువ. చివరి నెలలలో చేరే అవకాశం ఎక్కువ, హాని తక్కువ. గర్భం నిలవకపోవచ్చు, బిడ్డ మెదడుకు దెబ్బ తగలవచ్చు, తలలో నీరు చేరవచ్చు. పుట్టినప్పుడు చక్కగా వున్న బిడ్డకే కొన్నేళ్ళ తరువాత కంటిలోపలి పొర చెడి చూపు మందగించవచ్చు. కాబట్టి డాక్టర్లు జాగ్రత్త అంటున్నది వుత్తపుణ్యానికి కాదు.

యిప్పుడు పిల్లి సంగతి కొంచెం లెక్కవేసి చూడండి. పిల్లికి యీ అంటు సాధారణంగా పుట్టుకతో రాదు. అంటు వున్న ఎలుకనో పిట్టనో తింటే, లేదా మనం వేసే పచ్చిమాంసం తింటే వస్తుంది. మొదటిసారి సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాలపాటు దాని మలంలో గుడ్లు పడతాయి. ఆ తరువాత సాధారణంగా ఆగిపోతాయి. పడిన గుడ్లు కూడా వెంటనే ఏమీ చెయ్యవు. అవి పండడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. పిల్లి తన వొళ్ళు తాను నాకి శుభ్రం చేసుకునే జంతువు కనుక, అన్నాళ్ళు దాని బొచ్చుకు మలం అంటుకుని వుండదు. అందుచేత పిల్లి మీ ఒళ్ళో పడుకున్నందువల్ల, మీరు దాని వీపు నిమిరినందువల్ల యీ జబ్బు వచ్చే అవకాశం బహుస్వల్పం. రెండు మూడు రోజులు తియ్యకుండా వదిలేసిన దాని మలాన్ని తాకి, ఆ చెయ్యి కడుక్కోకుండా నోట్లో పెట్టుకుంటే రావచ్చు.

మరి మనుషులకు ఎక్కువగా ఎక్కడనుంచి వస్తున్నది? 1965లో పారిస్ వైద్యులు ప్రకటించిన సంగతి ఒకటి వినండి. క్షయరోగపు పిల్లల ఆసుపత్రి ఒకదానిలో, బలం పడుతుందని పిల్లలకు వుడికీ వుడకని మాంసం పెట్టేవారు. అలా పెట్టినకొద్దీ వాళ్ళలో యీ అంటు పెరిగింది. గొర్రెమాంసం కూడా పచ్చిపచ్చిగా పెట్టేసరికి యింకా పెరిగింది. దాన్ని తెచ్చిపెట్టింది అన్నంపళ్ళెం. ఆ తరువాత యూరపులోని ఆరు నగరాలలో గర్భిణులను ప్రశ్నించి చేసిన పరిశోధన 2000 సంవత్సరంలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. వాళ్ళకు సోకిన అంటులో 30 నుంచి 63 శాతం దాకా సరిగా వుడకని మాంసంవల్ల, 6 నుంచి 17 శాతం దాకా మట్టి తాకడంవల్ల వచ్చినట్టు తేలింది. యింట్లో పిల్లి వుండడం కారణంగా తేలలేదు.

మన వంటలలో మాంసం ముక్క మెత్తగా వుడకందే పొయ్యిమీదనుంచి దింపం, పాలు కాచందే తాగం. యీ రెండు అలవాట్లూ మనకు పెద్ద కాపుదల. అయినా సందులు లేకపోలేదు. మాంసం కోసిన కత్తితోనే, అదే చెక్కమీద, కడగకుండా కీరదోసకాయ తరుగుతాం. కైమా వుండలు చేస్తూ వుప్పు సరిపోయిందో లేదోనని పచ్చిదే నాలికకు రాసుకుంటాం. బలమని చెప్పి పచ్చి మేకపాలు తాగించే యిళ్ళు వున్నాయి. పెరటి మడిలో గోంగూర కోసి, కుండీలో మట్టి కెలికి, కొంగుకు చెయ్యి తుడుచుకుని వంటకు కూర్చుంటాం. ఆ గుడ్లు తడిమట్టిలో ఏడాదికి పైగా బతుకుతాయి. మీ పిల్లి లేకపోయినా వీధిలో పిల్లులు వుండనే వున్నాయి. పక్కన యిల్లు కడుతున్నవారు పోసిన యిసుకగుట్ట వుంటే ఆ పేట పిల్లులన్నిటికీ అదే పాయిఖానా. పిల్లిని కాలవ దాటించి, కత్తీ చెక్కా మట్టీ మాత్రం ఎప్పటిలాగే వుంచుకుంటే ఏం బాగుపడినట్టు?

కాబట్టి చెయ్యవలసినవి యివి. కడుపుతో వున్నన్నాళ్ళూ పిల్లి మలం తీసే పని ఆవిడకు వద్దు. అత్తగారు తియ్యవచ్చు, మరిది తియ్యవచ్చు. అందరికన్నా న్యాయంగా ఆ పని భర్తగారిది. తొమ్మిది నెలల బరువు ఆవిడ మొయ్యగా లేనిది, రోజుకు అయిదు నిమిషాల పని ఆయన చెయ్యలేరా? ఫ్లాటులో పెంచే పిల్లికి యిసుక తట్ట వుంటుంది. దాన్ని తప్పకుండా ప్రతిరోజూ ఎత్తిపారెయ్యాలి. గుడ్లు పండేలోగా పోతాయి గనుక యీ ఒక్క నియమంతోనే చాలా భయం తీరుతుంది. మలాన్ని కాగితంలో చుట్టి పారేసి, తట్టను సలసల కాగే నీళ్ళతో కడగాలి. బ్లీచింగు, ఫినాయిలువంటి మందులకు ఆ గుడ్లు చావవు. వేడినీళ్ళకు చస్తాయి. యింట్లో వేరే ఎవరూ లేక తప్పనిసరై ఆవిడే తియ్యవలసివస్తే, రబ్బరు తొడుగులు వేసుకుని తీసి, తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

మొక్కల పని చేసినా, మాంసం కడిగినా యిదే పద్ధతి. మాంసానికి వేరే కత్తి, వేరే చెక్క పెట్టుకోండి. కొత్తిమీర, ముల్లంగి, కేరెట్టు, పచ్చిగా తినేది ఏదైనా మట్టి పోయేదాకా రెండు మూడు నీళ్ళలో కడగండి. పిల్లికి పచ్చిమాంసపు తునకలు వెయ్యకండి. వుడికించి అన్నంలో కలిపి పెట్టండి. ఎలుకలు పట్టవద్దంటే అది వినదు. కుదిరితే యీ కొన్ని నెలలూ దాన్ని రాత్రిపూట లోపలే వుంచండి. మరొక్క మాట: యీ రోజులలో కొత్త పిల్లికూనను తెచ్చుకోకండి. మొదటిసారి వేటకు వెళ్ళి, మొదటిసారి అంటు తెచ్చుకునేది ఎక్కువగా ఆ వయసు పిల్లులే.

యిక పరీక్షల సంగతి. రక్తపరీక్షలో రెండు రకాల గుర్తులు చూస్తారు. ఐ.జి.జి. అనేది వుంటే ఎప్పుడో వచ్చిపోయిందని అర్థం. అది ఒక్కటే వుండి, గర్భం రాకముందునుంచీ వుంటే, భయపడవలసింది పోయి సంతోషించవలసిన విషయం, కాపుదల వుందన్నమాట. ఐ.జి.ఎం. అనేది వుంటే ఈమధ్య వచ్చి వుండవచ్చునని అనుమానం. అనుమానమే సుమా! అది కొందరిలో నెలల తరబడి నిలుస్తుంది, ఒక్కొక్కప్పుడు పొరపాటుగానూ కనిపిస్తుంది. దాన్ని తేల్చడానికి మరో పరీక్ష వుంది. నిజంగా కొత్త అంటేనని తేలితే స్పైరామైసిన్ వంటి మందులు వున్నాయి. ఏది చెయ్యాలో మీ డాక్టరమ్మ చెపుతుంది.

యిది యింత విడమరచి చెప్పడానికి కారణం వుంది. రెండు మూడుసార్లు గర్భం పోయిన అమ్మాయి చేతిలో యీ పరీక్ష కాగితం పెట్టుకుని, ‘పిల్లిని ముద్దుచేసింది, గర్భం పోగొట్టుకుంది’ అని నలుగురూ అనే యిళ్ళు వున్నాయి. మాటిమాటికీ గర్భం పోవడానికి యిది కారణం కాదని వైద్యశాస్త్రం చెపుతున్నది. పాత అంటు గుర్తు రక్తంలో వున్నంతమాత్రాన ఆ అమ్మాయి ఏ తప్పూ చెయ్యలేదు. ఆ పిల్లీ చెయ్యలేదు. అసలు కారణం వెతకవలసిన చోట వెతకక, నింద వేసి వూరుకుంటే నష్టపోయేది ఆ యిల్లే.

మన దేశంలో పిల్లివల్ల నిజంగా భయపడవలసిన జబ్బు మరొకటి వుంది. దాన్ని గురించి ఎవరూ మాట్లాడరు. అది రేబీస్. కుక్క కరిస్తేనే వస్తుందనుకుంటాం గాని పిల్లి కరిచినా, గోటితో గీరినా రావచ్చు. వచ్చిన తరువాత బతకడం దాదాపు లేదు. రాకుండా ఆపడం మాత్రం పూర్తిగా మన చేతిలో వుంది. పిల్లికి మూడో నెలలో టీకా వేయించి, డాక్టరు చెప్పిన ప్రకారం ఏటేటా మళ్ళీ వేయించండి. వూరి పశువుల ఆసుపత్రిలో అడగండి. ఎవరినైనా గీరి రక్తం వస్తే పసుపు, కాఫీపొడి, సున్నం, కారం, కిరసనాయిలు, యివేవీ రాయవద్దు. ధారగా పడే నీళ్ళకింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదేరోజు ఆసుపత్రికి వెళ్ళండి. యిప్పుడు బొడ్డుచుట్టూ పొడిచే సూదులు లేవు. చర్మంలోకి యిచ్చే పద్ధతిలో అయితే మొదటి రోజు, తరువాత 3, 7, 28 రోజులకు వెళితే సరిపోతుంది. గాయాన్నిబట్టి గాయం దగ్గర మరో మందు కూడా యిస్తారు. గర్భిణికీ, పాలిచ్చే తల్లికీ, పసిబిడ్డకూ యీ టీకా వెయ్యవచ్చు. ‘కడుపుతో వుంది కదా, కాన్పయ్యాక చూద్దాం’ అని ఆపడమే ప్రాణాంతకం.

యిక బిడ్డ పుట్టిన తరువాత. పిల్లి పసిబిడ్డ వూపిరి పీల్చేస్తుందని కొన్ని దేశాలలో పాతనమ్మకం. అది కట్టుకథ. కాని పిల్లికి వెచ్చని మెత్తని చోటంటే ప్రాణం. నిద్రపోయే బిడ్డ పక్కన వెచ్చదనం చూసి అక్కడే ముడుచుకుని పడుకుంటుంది. నెలల బిడ్డ ముఖం పక్కకు తిప్పుకోలేదు, చేత్తో తోసుకోలేదు. దానికి చెడ్డబుద్ధి లేకపోయినా బిడ్డకు వూపిరాడకపోవచ్చు. కాబట్టి బిడ్డ నిద్రపోయే గదిలో పిల్లి వుండరాదు. యిందులో మొహమాటం లేదు. తలుపు వెయ్యండి. తలుపు లేని యిల్లయితే వుయ్యాలకు దోమతెర బిగించి కట్టి, ఒక మనిషి కాపలా వుండాలి.

యీ నియమం బిడ్డ వచ్చిన రోజున మొదలుపెడితే పిల్లి తలుపు గీకుతుంది, అరుస్తుంది. నెలా రెండు నెలలముందే మొదలుపెట్టండి. పుట్టకముందే వుయ్యాల కట్టరాదనే పట్టింపు వున్నవాళ్ళు వుయ్యాల కట్టనక్కరలేదు. ఆ గది తలుపు మూయడం అలవాటు చేస్తే చాలు. మనలో తొలికాన్పు పుట్టింట్లో గనుక, యిందుకు వ్యవధి దానంతటదే దొరుకుతుంది. అమ్మాయి పురిటికి వెళ్ళినప్పటినుంచీ అత్తవారింట్లో గది మూయడం మొదలుపెట్టవచ్చు. బిడ్డ రావడానికి వారం ముందు, బిడ్డకు కట్టిన పాత గుడ్డ ఒకటి తెచ్చి పిల్లి వాసన చూసేలా ఒక మూల పెట్టండి. వాసన తెలిసిన మనిషి దానికి కొత్త కాదు. పుట్టింట్లో పిల్లి వుంటే, లేక గోడ దూకి వచ్చే పొరుగు పిల్లి వుంటే, యీ జాగ్రత్తలన్నీ అమ్మగారికి ముందే చెప్పివుంచండి.

వుగ్గుగిన్నె, పాలసీసా మూతలేకుండా వుంచకండి. పిల్లి గోళ్ళ కొసలు తీయించండి. దానికి పురుగుల మందు వేయించండి. వొంటిమీద గుండ్రంగా బొచ్చు వూడిన మచ్చలుంటే తామర కావచ్చు; నయమయ్యేదాకా బిడ్డ దగ్గరికి రానివ్వకండి. బిడ్డకు మాటిమాటికీ పిల్లికూతలు, ముక్కు కారడం, వొళ్ళంతా దద్దురు వస్తుంటే పిల్లి పడదేమోనని డాక్టరుకు చూపించి తేల్చుకోండి. నిజంగా పడదని తేలితే అప్పుడు పిల్లికి మరో మంచి యిల్లు వెతకడం న్యాయమే. వెతకడం వేరు, వదిలెయ్యడం వేరు.

బిడ్డ పారాడే వయసు వచ్చేసరికి పరిస్థితి తిరగబడుతుంది. అప్పుడు పిల్లినుంచి బిడ్డను కాపాడడం కన్నా బిడ్డనుంచి పిల్లిని కాపాడడం కష్టం! తోక పట్టుకు లాగుతాడు, చెవి పిండుతాడు. గదిలో పెట్టి కొడితే పిల్లయినా తిరగబడుతుందంటారు. అది పారిపోయి ఎక్కి కూర్చోవడానికి ఎత్తుగా ఒక చోటు వుంచండి. దాని తిండిపళ్ళెం, యిసుక తట్ట పిల్లవాడి చేతికి అందకుండా వుంచండి. మీ చేత్తో వాడి చెయ్యి పట్టుకుని మెల్లిగా నిమరడం నేర్పండి.

బెంగాలులో పసిబిడ్డలను కాపాడే దేవత షష్ఠీదేవి. ఆవిడ వాహనం పిల్లి. ఆ వ్రతకథలో ఒక చిన్నకోడలు దొంగతనంగా తిని, అడిగితే పిల్లి తిన్నదని చెపుతూ వుంటుంది. పిల్లి వెళ్ళి అమ్మవారితో మొరపెట్టుకుంటే కోడలి బిడ్డలు మాయమవుతారు. కోడలు తప్పు ఒప్పుకున్నాకగాని తిరిగి రారు. కథలు కల్పించినవారికి టాక్సోప్లాస్మా తెలియదు గాని, యింట్లో జరిగేవాటన్నిటికీ పిల్లి మీద నింద వెయ్యడం ఎంత సుళువో మాత్రం బాగా తెలుసు.

యీ రోజే యింటిల్లిపాదీ కూర్చుని మూడు సంగతులు తేల్చుకోండి: రేపటినుంచి తట్ట ఎవరు తీస్తారు, మాంసం కత్తి ఏది, పిల్లిని టీకాకు ఎవరు తీసుకువెళతారు. యీ మూడూ తేలిన యింట్లో తల్లీ బిడ్డా క్షేమంగా వుంటారు. గోనెసంచిని మళ్ళీ బియ్యానికి వాడుకోవచ్చు.